ఎనిమిదేళ్ళ బండికి ఫుల్ ఇన్సూరెన్స్ అవసరమా, థర్డ్ పార్టీ చాలా?

సత్తెనపల్లి_బాబు:
నాది 2017 మోడల్ 100 సీసీ బండి. ఈ నెలాఖరుకి పాలసీ అయిపోతోంది. థర్డ్ పార్టీ, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్ళకి జరిగిన నష్టానికే ఇచ్చేది, ఒక్కటే అయితే 714 రూపాయలు, జీఎస్టీతో కలిపి 842. ఫుల్ ఇన్సూరెన్స్, అదే మన బండి నష్టం కూడా కలిపిన ప్యాకేజీ పాలసీ అయితే పదిహేను వందల దగ్గర చూపిస్తోంది. బండి విలువ 24 వేలు వేశారు. ఆయిల్ మార్చడం, చైన్ బిగించడం, ప్లగ్, ఎయిర్ ఫిల్టర్, బ్రేక్ షూలు అన్నీ ఇంట్లో నేనే చూసుకుంటా. పెద్ద పని పడితే తెలిసిన మెకానిక్ ఉన్నాడు. ఇలాంటి బండికి ఫుల్ కట్టడం దండగ అని ఆఫీసులో అందరూ అంటున్నారు. మీరేమంటారు?

కూకట్‌పల్లి_రైడర్:
దండగే బ్రో. మిగిలిన డబ్బుతో మంచి ఆయిల్ పోయించు.

ఆటోనగర్_పానా:
బాబూ, థర్డ్ పార్టీ చాలు. నేను బెజవాడ ఆటోనగర్‌లో మెకానిక్‌ని. ఫుల్ కట్టినవాళ్ళ పాట్లు దగ్గరుండి చూస్తున్నవాణ్ణి. లెక్క చెప్తా విను. బండికి ఐదేళ్ళు దాటితే పదేళ్ళదాకా ఇనుప సామానుకి 40 శాతం తరుగు తీస్తారు. ప్లాస్టిక్, రబ్బరు, టైరు, ట్యూబు, బ్యాటరీకి సగానికి సగం. బండి కిందపడితే ముందు పోయేవేంటి? హెడ్‌లైట్ డూమ్, ఇండికేటర్లు, సైడ్ ప్యానెళ్ళు. అన్నీ ప్లాస్టిక్కే. రెండు వేల సామానుకి వెయ్యి లెక్క కట్టి, అందులో వంద తప్పనిసరి కోత కోస్తారు. ఆ తొమ్మిది వందల కోసం క్లెయిమ్ పెడితే వచ్చే ఏడాది నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ పెట్టనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోతుంది. తరుగు తీయకుండా ఇచ్చే జీరో డెప్ తీసుకుందామంటే ఇంత పాత బండికి చాలా కంపెనీలు ఇవ్వవు.

ఇక 2024 సెప్టెంబర్ సంగతి. బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా షెడ్డు ముందు వీధి చివరిదాకా బళ్ళు నిలబెట్టారు. మునిగిన బండికి సెల్ఫ్ నొక్కకూడదు, కిక్ కొట్టకూడదు. ముందు ప్లగ్ విప్పాలి. ఆ కన్నంలోంచి నీళ్ళు మొత్తం పోయేదాకా కిక్ రాడ్‌ని చేత్తో మెల్లగా తిప్పాలి. కింద డ్రెయిన్ బోల్టు తీస్తే ఆయిల్ పాలు ఎక్కువైన టీ రంగులో వస్తుంది. అది పారబోసి, కొత్త ఆయిల్ పోసి, కాసేపు తిప్పి, మళ్ళీ తీసెయ్యాలి. ఆయిల్ రంగు మారకుండా వచ్చేదాకా అదే పని. రోజులు గడిస్తే బోరులో తుప్పు పడుతుంది, బేరింగులు పోతాయి. ఒక కస్టమర్ బండికి నేను సరిగ్గా ఇదే చేశాను. తర్వాత ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున సర్వేకి వచ్చినాయన "సర్వే కాకముందే ఇంజన్ విప్పారు" అని రాసి క్లెయిమ్ కొట్టేశాడు. ఏటా తప్పకుండా ఫుల్ కట్టిన మనిషికి పైసా రాలేదు. నేను బండిని బతికించినందుకు ఆయనకి శిక్ష పడింది.

లెక్కల_మాస్టారు:
పానా గారూ, మీరు విప్పింది ఇంజనా, ప్లగ్గా? రెండూ ఒకటి కావు. బండిని నష్టం నుంచి కాపాడుకోవడానికి, మంచి కండిషన్‌లో ఉంచడానికి తగిన జాగ్రత్త యజమానే తీసుకోవాలని పాలసీ షరతుల్లోనే ఉంది. నీళ్ళు తీయడం ఆ జాగ్రత్త కిందికే వస్తుంది. మరి క్లెయిమ్ ఎందుకు పోయింది? ముందు ఫోన్ చేసి క్లెయిమ్ నంబర్ తీసుకున్నారా? నీళ్ళు బండి మీద ఎక్కడిదాకా వచ్చాయో ఫొటో ఉందా? విప్పేటప్పుడు వీడియో తీశారా? అవేమీ లేకుండా కంపెనీని అనడం సరికాదు.

ఆటోనగర్_పానా:
ప్లగ్, డ్రెయిన్ బోల్టు. ఆ రెండూ తప్ప ఇంకోటి ముట్టుకోలేదు. ఇక ఫోన్ అంటారా? జనం మేడల మీద ఉన్నారు మాస్టారూ. కరెంటు లేదు, తాగడానికి నీళ్ళు లేవు, డ్రోన్లతో తిండి పొట్లాలు వేశారు. ఆ టైములో క్లెయిమ్ నంబర్ ఎవరు తీసుకుంటారు?

గోదారి_గట్టు:
ఒక డౌటు. స్ప్లెండర్ బండిలో కార్లకి ఉన్నట్టు మార్చేసే కాగితం ఫిల్టర్ ఉండదు కదా. క్లచ్ కవర్ లోపల తిరిగే ఫిల్టర్ ఉంటుంది, బురద అంతా అందులోనే పేరుకుంటుంది. మరి ఆ కవర్ తీస్తే ఇంజన్ విప్పినట్టా, కాదా?

లెక్కల_మాస్టారు:
కవర్ తీస్తే విప్పినట్టే.

ఆటోనగర్_పానా:
అలా అని ఎక్కడ రాసుంది? పాలసీలో ఆ లైను చూపించండి.

లెక్కల_మాస్టారు:
బోల్టులు తీసి, గాస్కెట్ మార్చాల్సి వచ్చిందంటే దాన్ని విప్పడమే అంటారు. దీనికి లైను అక్కర్లేదు.

ఆటోనగర్_పానా:
డ్రెయిన్ బోల్టుకీ వాషర్ మారుస్తాం. అయితే ఆయిల్ మార్చినవాళ్ళందరూ ఇంజన్ విప్పినట్టేనా?

కూకట్‌పల్లి_రైడర్:
ఈ గాస్కెట్ గొడవ వదిలేసి బాబుకి జవాబు చెప్పండి.

బీఎస్6_బాధితుడు:
పానా గారి లెక్క కార్బురేటర్ బళ్ళకే. 2020 ఏప్రిల్ నుంచి వచ్చే పెట్రోల్ బళ్ళలో చాలావాటికి ఫ్యూయల్ ఇంజెక్షన్. మునిగితే ఆయిల్ మార్చి ఊరుకుంటే సరిపోదు. ఈసీయూ (ఇంజన్‌ని నడిపించే చిన్న కంప్యూటర్), సెన్సార్లు, వైరింగ్ కనెక్టర్లు అన్నీ చూడాలి. నా బండికి ఈసీయూ మార్చాల్సి వచ్చింది. ఓన్ డ్యామేజ్, అంటే సొంత బండి నష్టానికి కవర్, లేకపోతే నా జీతంలోంచే పోయేది.

సత్తెనపల్లి_బాబు:
నాది కార్బురేటరే అన్నా. ఇంకోటి, ఇంట్లో సర్వీస్ చేసుకుంటే క్లెయిమ్ ఇవ్వరా?

లెక్కల_మాస్టారు:
బయట సర్వీస్ చేయిస్తే దెబ్బ తగిలేది వారంటీకి. మీ బండికి అది ఎప్పుడో అయిపోయింది. ఇన్సూరెన్స్‌కి షోరూమ్ సర్వీస్ తప్పనిసరి కాదు. కానీ బిల్లులు దాచుకోండి. ఆయిల్ డబ్బా కొన్న రసీదైనా సరే, బ్రేక్ షూలు కొన్న రసీదైనా సరే. బ్రేకులు అరిగిపోయిన బండిని తిప్పారని ఎవరైనా అంటే చూపించడానికి ఆ కాగితాలే ఉంటాయి.

ఆటోనగర్_పానా:
ఇదిగో, ఇక్కడికే వస్తుందని నాకు తెలుసు. కాగితం, కాగితం. మాస్టారూ, నేను ఒక బండి పక్కన నిలబడి ఆ చప్పుడు టాపెట్‌దా, టైమింగ్ చైన్‌దా చెప్పగలను. అయినా నా పనికి జీఎస్టీ బిల్లు లేదు కాబట్టి సర్వే చేసేవాడి ముందు దానికి విలువ లేదు. అదే పని షోరూమ్‌లో పిల్లాడు చేసి మూడింతలు బిల్లు వేస్తే అది ఒరిజినల్. రిపేరు డబ్బు కంపెనీయే నేరుగా కట్టే క్యాష్‌లెస్ కావాలంటే కంపెనీ లిస్టులో ఉన్న షెడ్డుకే పోవాలి, మా ఆటోనగర్ చిన్న షెడ్లు ఆ లిస్టులో ఉండవు. మమ్మల్ని దొంగల్లా చూసే ఏర్పాటుకి మా కస్టమర్లని ఎందుకు డబ్బు కట్టమంటాను? బాబు లాంటివాళ్ళు ఇంట్లో పని నేర్చుకుంటే నాకు సంతోషం. వాళ్ళ డబ్బు వాళ్ళ బండికే పోతుంది. మీరు ఇంత పట్టుదలగా కంపెనీ పక్షాన మాట్లాడుతున్నారంటే మీకేమైనా ఇన్సూరెన్స్ ఏజెన్సీ ఉందేమో, అదైనా చెప్పండి.

గోదారి_గట్టు:
పానా గారూ, ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది.

లెక్కల_మాస్టారు:
నాకు ఏ ఏజెన్సీ లేదు. చెప్పమన్నారు కాబట్టి చెప్తున్నా. మా అక్క బావ వెనక కూర్చుని బండి మీద వస్తోంది. ట్రాక్టర్ లోంచి కారిన ఇసుక రోడ్డు మీద ఉంది, మలుపులో బండి జారింది. ఇంకో బండి అడ్డం రాలేదు, ఎవరూ గుద్దలేదు. బావ బండిని ఎంత బాగా చూసుకునేవాడో చెప్పలేను. ప్రతి ఆదివారం చైన్ తుడిచి ఆయిల్ వేసేవాడు, టైర్లు కొత్తవి. ఇన్సూరెన్స్ కూడా ఉంది. కానీ థర్డ్ పార్టీ ఒక్కటే. ఆయన బండి చూసే మెకానిక్ "పాత బండికి అది చాలు, ఇంజన్ నేను చూసుకుంటా" అన్నాడు. మీరు ఈ పేజీలో బాబుకి చెప్పిన మాటే. అక్క ఆసుపత్రిలోనే పోయింది. ప్రమాద పరిహారం కేసులు చూసే ట్రిబ్యునల్‌లో కంపెనీ వాళ్ళు లయబిలిటీ ఓన్లీ, అంటే థర్డ్ పార్టీ ఒక్కటే ఉన్న పాలసీలో సొంత బండి వెనక కూర్చున్న మనిషికి కవర్ లేదన్నారు. అదే నిలబడింది. మీరు పొద్దుట్నుంచీ డూమ్‌కి ఎంత, ఇండికేటర్‌కి ఎంత అని లెక్క చెప్తున్నారు. నేను ఆ లెక్క గురించి మాట్లాడటం లేదు.

కూకట్‌పల్లి_రైడర్:
అయ్యో మాస్టారూ. ఆమెకి హెల్మెట్ ఉందా?

లెక్కల_మాస్టారు:
లేదు. ఉండాల్సింది. కానీ పాలసీలో కవర్ ఉందా లేదా అన్నదానికి హెల్మెట్‌తో సంబంధం లేదు.

బీఎస్6_బాధితుడు:
వెనక కూర్చున్నవాళ్ళు థర్డ్ పార్టీ కారా? నేను ఇన్నాళ్ళూ వాళ్ళూ వస్తారనే అనుకుంటున్నా. పైగా 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ కూడా కడుతున్నాం కదా?

లెక్కల_మాస్టారు:
ఆ 15 లక్షలు యజమానికే, అదీ తన బండి తనే నడుపుతున్నప్పుడు. వెనక సీటు సంగతి వేరు. 2006లో తిలక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చట్టప్రకారం తప్పనిసరైన పాలసీ స్కూటర్ వెనక ఊరికే ఎక్కించుకున్న మనిషికి వర్తించదని చెప్పింది. ప్యాకేజీ పాలసీ అయితే వెనక కూర్చున్నవాళ్ళకీ కంపెనీ బాధ్యత ఉంటుందని 2009 నవంబర్‌లో ఇన్సూరెన్స్ కంపెనీల్ని నియంత్రించే ఐఆర్‌డీఏ అన్ని కంపెనీలకీ సర్క్యులర్ పంపింది. 2012లో బాలకృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు కూడా లయబిలిటీ పాలసీకీ ప్యాకేజీ పాలసీకీ ఈ తేడా ఉందని స్పష్టంగా చెప్పింది. వేరే బండి తప్పు వల్ల దెబ్బ తగిలితే ఆ బండి ఇన్సూరెన్స్ మీద అడగొచ్చు. మన బండి మనంతట మనం జారిపడితే మన పాలసీయే దిక్కు. బాబు కడదామా వద్దా అంటున్న ఆ ఆరువందల యాభై తేడాలో ఇదీ ఉంది.

ఆటోనగర్_పానా:
మాస్టారూ, ఏజెన్సీ మాట వెనక్కి తీసుకుంటున్నా. ఇంట్లో మనిషి పోయిన బాధ ముందు నా షెడ్డు బాధ చిన్నదే. కానీ ఒకటి అడుగుతా, కోపం తెచ్చుకోవద్దు. వెనక సీటులో పెళ్ళాం పిల్లలకి కవర్ కావాలంటే ఇనుముకి కూడా ఇన్సూరెన్స్ ఎందుకు కొనాలి? నాకు ఓన్ డ్యామేజ్ వద్దు, సామాను నేను మార్చుకుంటా. మనిషికి మాత్రం ఇవ్వండి అంటే ఎందుకివ్వరు? మా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగంమంది ఇంటిల్లిపాదికీ ఒకే బండి. ఆటోకి డబ్బుల్లేకే కదా వెనక ఎక్కించుకునేది. తప్పనిసరి పాలసీలో ఆ మనిషిని వదిలేసి, డూమ్‌కీ ఇండికేటర్‌కీ సగం డబ్బులిచ్చే పాలసీలో కలిపారు. నా గొడవ అసలు ఇదే.

లెక్కల_మాస్టారు:
దీంట్లో మీతో వాదించను. నాకూ అదే మంట. వెనక కూర్చునేవాళ్ళకి విడిగా పర్సనల్ యాక్సిడెంట్ యాడ్-ఆన్ ఉంటుంది, కానీ మామూలుగా లక్ష దగ్గర ఆగిపోతుంది. తలకి దెబ్బ తగిలితే ఐసీయూ ఖర్చుకే చాలదు. చట్టం మారాలి. మారేదాకా ఏది కట్టాలన్నదే నేను చెప్తున్నది. ఇక క్లచ్ కవర్ విప్పడం ఇంజన్ విప్పడమే, ఆ మాట మీద నేను అలాగే ఉన్నా.

ఆటోనగర్_పానా:
కాదు. ఇంజన్ హెడ్ దించితేనే విప్పడం.

సత్తెనపల్లి_బాబు:
మా ఆవిడని రోజూ స్కూల్లో దింపేది నేనే. ఈ సంగతి ఆఫీసులో ఒక్కరూ చెప్పలేదు. ప్యాకేజీయే కడతాను. బండి విలువ 24 వేలు కాకుండా తగ్గించి వేయించుకుంటే ప్రీమియం తగ్గుతుందా?

లెక్కల_మాస్టారు:
ఓన్ డ్యామేజ్ వాటా తగ్గుతుంది, అది ఐడీవీ, అంటే పాలసీలో వేసిన బండి విలువ, మీదే లెక్క. కంపెనీ చూపించే హద్దుల్లో కింది అంకె పెట్టుకోవచ్చు. బండి దొంగలెత్తుకుపోతే ఆ తక్కువ అంకే వస్తుంది. లయబిలిటీ వాటాకి ఐడీవీతో పని లేదు. కాగితం చేతికొచ్చాక మొదటి పేజీ మీద ప్యాకేజీ అని ఉందో, లయబిలిటీ ఓన్లీ అని ఉందో చూసుకోండి. ఓన్ డ్యామేజ్ ప్రీమియం గడిలో అంకె ఉండాలి.

ఆటోనగర్_పానా:
తగ్గించుకో బాబూ. మా షెడ్డుకి వచ్చేవాళ్ళ పాలసీ కాగితం కూడా ఇక నుంచి అడిగి చూస్తా. సామాను సంగతిలో మాత్రం నా మాట మారదు.

కూకట్‌పల్లి_రైడర్:
నా పాలసీ అయిపోయి రెండు నెలలు దాటింది. ఇప్పుడు ప్యాకేజీ తీసుకుంటే బోనస్ ఉంటుందా?

లెక్కల_మాస్టారు:
గడువు తీరిన 90 రోజుల్లోపు రెన్యూ చేస్తే ఉంటుంది. కాకపోతే ఇప్పుడు బండి ఫొటోలో, వీడియోనో అడుగుతారు. ఈరోజే చేయించండి, అప్పటిదాకా బండి బయటికి తీయకండి. పోలీసులు ఆపితే మొదటిసారి 2,000 ఫైన్. ఎవరికైనా తగిలితే ట్రిబ్యునల్ ఎంత వేస్తే అంత మీ జేబులోంచే.