సముదితబలకోశాన్ తరువాత ‘పు’నా, ‘యు’నా?

ఛందోబాలుడు: గాజీపూరు జిల్లా భితరిలోని సంస్కృత స్తంభశాసనంలో గుప్త చక్రవర్తి స్కందగుప్తుని మీద చెప్పిన మాలినీవృత్త పద్యం ఒకటి రెండు రోజులుగా నన్ను వదలడం లేదు. “విచలితకులలక్ష్మీస్తంభనాయోద్యతేన, క్షితితలశయనీయే యేన నీతా త్రియామా” (చలించిన కులలక్ష్మిని నిలబెట్టడానికి పూనుకుని నేలనే పడకగా రాత్రి గడిపాడు) వరకు తడబాటు లేకుండా వస్తుంది. మూడవ పాదంలో “సముదితబలకోశాన్” తరువాత మా గురువుగారు “యుధ్యమిత్రాంశ్చ జిత్వా” అని చదివినట్టు గుర్తు. అచ్చులో మాత్రం “పుష్యమిత్రాంశ్చ” (పుష్యమిత్రులనే వారిని కూడా) అని ఉన్నది. ఏ పాఠం సరైనదో పెద్దలు చెప్పగలరు.

మేకలవాసి: గుప్తుల శాసనాలను సంకలించిన ఫ్లీటు 1888లో అచ్చువేసిన పాఠం ‘పుష్యమిత్రాన్’ అనే ఉన్నది. బలమూ కోశమూ కూడబెట్టుకున్నవారు అన్న విశేషణం పేరులేని శత్రువులకు అతకదు. పురాణాల రాజవంశ పట్టికలలో పుష్యమిత్రులు, పుష్పమిత్రులన్న పాఠాంతరంతోనైనా, కనిపిస్తూనే ఉన్నారు. దక్కనును ఏలిన వాకాటక వంశపు రాజు నరేంద్రసేనుని ఆజ్ఞను కోసల, మేకల, మాలవ పతులు మన్నించారని బాలాఘాట్ రాగిరేకులు చెబుతున్నాయి కనుక, స్కందగుప్తుని తండ్రి కుమారగుప్తుని చివరి రోజులలో నర్మదా ప్రాంతం చేజారుతున్నప్పుడు వాకాటకుల అండతో తలెత్తినవారే వీరని నేను చాలాకాలంగా అంటున్నాను.

యణ్‌సంధి: మీరు చాలాకాలంగా అంటున్నంత మాత్రాన చెడిపోయిన రాయి బాగుపడదు కదండీ. సరిగ్గా ఆ అక్షరాల దగ్గరే శాసనం దెబ్బతిన్నది. ‘యుధి’ (యుద్ధంలో), ‘అమిత్రాన్’ (శత్రువులను) కలిసి, ఇకారం యకారంగా మారే యణాదేశంతో ‘యుధ్యమిత్రాన్’ అయిందని దివేకర్ అనే పండితుడు ప్రతిపాదించారు. ‘పుష్య’ అన్నా ‘యుధ్య’ అన్నా గురులఘువులే కాబట్టి మాలినికుండే న న మ య య గణాలు రెండింటినీ ఒకేలా మోస్తాయి. ఛందస్సును సాక్ష్యానికి పిలిచి ప్రయోజనం లేదు.

యతిమైత్రి: తెలుగు మాలిని అయితే ఈ తగవే ఉండేది కాదు. వివాదాక్షరం తొమ్మిదవది, అంటే మన యతిస్థానం. పాదం ‘స’తో మొదలైంది కనుక అక్కడ ‘పు’ చెల్లదు, ‘యు’ కూడా చెల్లదు. సంస్కృతకవికి అక్కడ విరామం చాలు, మనకు అక్షరమైత్రి కావాలి. స్కంధాంతాలలో పోతనగారి మాలినులను చూడండి, ఆ వరుస సంబోధనల నడకలో యతి ఎక్కడ పడిందో చెవికి తెలియకుండా పడుతుంది.

మేకలవాసి: పోతనగారిని మధ్యలోకి తెచ్చినా ‘కూడా’ అని అర్థమిచ్చే ‘చ’కారం నా వైపే ఉన్నది. శత్రువులను గెలిచి అని ఊరికే చెప్పదలచుకుంటే ‘చ’ దేనిని దేనితో కలుపుతుంది? పుష్యమిత్రులను కూడా గెలిచి అంటేనే, మిగిలిన శత్రువులు వేరే ఉన్నారన్న అర్థం వస్తుంది.

యణ్‌సంధి: పాదపూరణానికి ‘చ’ వేయని కవిని చూపించండి, అప్పుడు ఒప్పుకుంటాను.

దేవకీసుతుడు: ఒక్క అక్షరం దగ్గరే ఆగిపోయి, అదే శాసనంలోని మరో మాలినిని ఎందుకు మరచిపోతున్నారు? “పితరి దివముపేతే విప్లుతాం వంశలక్ష్మీం” (తండ్రి స్వర్గస్థుడయ్యాక విప్లుతమైన వంశలక్ష్మిని) అని ఎత్తుకుని, శత్రువులను గెలిచి తల్లి దగ్గరకు వచ్చిన స్కందగుప్తుణ్ణి “హతరిపురివ కృష్ణో దేవకీమభ్యుపేతః” (శత్రువును చంపి దేవకిని చేరిన కృష్ణునిలా) అని కవి పోల్చాడు. తల్లి కళ్లనిండా నీళ్లు. అక్కడ రిపువుకు పేరు లేదు, కాబట్టి ఇక్కడ అమిత్రులకూ ఉండనక్కరలేదు. ఇక నా ఊహ ఒకటి. ‘విచలిత’ అంటే కదిలిపోయినది, ‘విప్లుత’ అంటే వరదలో మునిగినది. గుప్త సంవత్సరం 136లో, అంటే సుమారు 455లో, సౌరాష్ట్రంలోని గిర్నారు దగ్గర సుదర్శన తటాకం కట్ట తెగింది. స్కందగుప్తుని తరఫున ఆ ప్రాంతాన్ని పాలించిన పర్ణదత్తుని కొడుకు చక్రపాలితుడు మరుసటి ఏడు దానిని బాగుచేయించాడు. ఆ వరద ఈ మాటలో ధ్వనిస్తున్నదని నాకు అనిపిస్తుంది.

యణ్‌సంధి: గిర్నారులో కట్ట తెగితే గాజీపూరు జిల్లా కవి శ్లేషించాడంటారా? అదే శాసనం హూణులను పేరుపెట్టి పిలిచిందన్న సంగతిని మాత్రం మీరు దాటవేశారు. అది నా పాఠానికే ఇబ్బంది అని తెలిసి కూడా చెబుతున్నాను.

యతిమైత్రి: సౌరాష్ట్రం తరువాత మైత్రక వంశపు రాజుల చేతికి జారిపోయింది కనుక, కట్ట ఎవరు నిలబెట్టినా లక్ష్మి మాత్రం నిలవలేదు. నా సందేహం నాలుగవ పాదంలో ఉన్నది. “క్షితిపచరణపీఠే స్థాపితో వామపాదః” అన్నప్పుడు ఎడమకాలు మోపిన పీఠం ఓడిన రాజు వాడుకున్న పాదపీఠమా, లేక ఆ రాజే పీఠమయ్యాడా? సమాసాన్ని ఎటు విప్పితే అవమానం ఎక్కువ?

ఛందోబాలుడు: ఓడినవారు బహువచనంలో ఉండగా క్షితిపుడు (రాజు) ఒక్కడే ఎలా అయ్యాడో ముందు చెప్పండి. నా ‘పు’ సంగతి తరువాత చూసుకోవచ్చు.