'బలాదన్య...' తర్వాత ఏముంటుంది?

పల్లేరుకాయ (వైట్‌ఫీల్డ్): మా టీమ్‌లో కొత్త కుర్రాడు నిన్న క్లయింటుకి మెయిల్ పెట్టాడు, రిపోర్టు మొత్తం 'ఓవర్‌లుక్' చేశానని. వాడి ఉద్దేశం 'లుక్ ఓవర్', ఒకసారి తిరగేశానని. అవతలివాళ్ళకేమో అసలు పట్టించుకోలేదని అర్థమైంది. సాయంత్రం దాకా టెన్షన్. అప్పట్నుంచీ ఓ శ్లోకం బుర్రలో తిరుగుతోంది: 'ఉపసర్గేణ ధాత్వర్థో బలాదన్య...'. ఉపసర్గ, అంటే ముందు చేరే ప్ర, సం లాంటి ముక్క, ధాతువు (క్రియకి మూలం) అర్థాన్ని బలవంతంగా మార్చేస్తుందని. కింద ప్రహారాహార సంహార... ఆ ఉదాహరణలన్నీ వచ్చు. మధ్య ముక్కే జారిపోయింది. 'అన్యత్ర నీయతే' కదూ?

గోరింట: 'అన్యః ప్రతీయతే' అండీ. మా తాతగారు అలాగే వల్లె వేయించారు.

పాతబడి మాస్టారు: రెండు పాఠాలూ ఉన్నాయి, అనుష్టుప్పు ఛందస్సుకి రెండూ సరిపోతాయి. కానీ 'బలాత్' ఉందిగా? బలవంతంగా లాక్కుపోతుంది అంటే బాగుంది. బలవంతంగా తోచడమేంటి? నా ఓటు నీయతేకే.

గోరింట: తమాషా అంతా 'ప్రతీయతే'లోనే ఉంది మాస్టారూ. అందులో ఉన్న 'ఇ' ధాతువుకి అర్థం వెళ్ళడం. ముందు 'ప్రతి' చేరగానే తెలియడం అయిపోయింది. సూత్రం చెప్తూనే ఉదాహరణ ఇచ్చేశాడు!

పాతబడి మాస్టారు: ఆ అందం మీకు కనబడిందమ్మా. శ్లోకం కట్టినాయనకి కనబడిందని ఏంటి నమ్మకం?

చెరువుగట్టు: అడిగింది చూపు గురించైతే హారాల గొడవెందుకు? 'ఈక్ష్' పట్టుకోండి. లుక్ ఓవర్ అంటే సమీక్ష, ఓవర్‌లుక్ అంటే ఉపేక్ష. పాపం కుర్రాడు సమీక్షించబోయి ఉపేక్షించాడు. అపేక్ష, ప్రతీక్ష, పరీక్ష అన్నీ ఆ ఒక్క చూపులోంచే. మనకి తోక మారితే చాలు: చూసుకో, చూసిపెట్టు, చూసీ చూడనట్టు పో. అన్నట్టు, మా వీధిలో బోర్డు పెట్టారు, హలసూరు చెరువుని 'ఓవర్‌లుక్' చేసే ఫ్లాట్లట. చెరువు కనబడేలా ఉండడం, చెరువుని పట్టించుకోకపోవడం, రెండర్థాల్లోనూ నిజమే.

గోరింట: 'ఓవర్'కి సొంత అర్థం ఉంటే ముందున్నా వెనకున్నా ఒకటే కావాలిగా? ఉపసర్గకి విడిగా అర్థం లేదన్న పాతకాలపు వ్యాకర్త శాకటాయనుడే నెగ్గాడు.

పాతబడి మాస్టారు: ఉందన్న గార్గ్యుణ్ణి అంత తేలిగ్గా ఓడించకండి. నిరుక్తం రాసిన యాస్కుడి నాటికే నలుగుతున్న తగాదా అది. సరే, పోతన 'కుయ్యాలించి సంరంభియై' అన్నాడే, ఆరంభంలోనూ సంరంభంలోనూ ఉన్నది ఒకటే 'రభ్'. సంస్కృతంలో సంరంభమంటే కోపం కూడా. మరి స్వామికి మొసలి మీద కోపమా, ఏనుగు కోసం తొందరా?

చెరువుగట్టు: తొందరే. వెంటనే 'సిరికిం జెప్పఁడు' అంటాడు కదా. శంఖచక్రాలు కూడా చేతికి తీసుకోనివాడికి కోపగించుకునే తీరికెక్కడిది?

గోరింట: పైగా 'సంరంభియై' అన్న పద్యంలోనే 'ఆపన్న ప్రసన్నుండు' అన్నాడు. ఆ 'ప్రసన్న'లో ఉన్నది 'సద్', కూర్చోవడం. విషణ్ణుడిలోనూ అదే. ప్ర వస్తే తేటపడతాడు, వి వస్తే కుంగిపోతాడు.

పాతబడి మాస్టారు: అది నేను చెబుదామనుకున్నాను.

పల్లేరుకాయ: ఇంతకీ నీయతేనా, ప్రతీయతేనా? ప్రింటు తీసి కుర్రాడి డెస్కు మీద అంటిద్దామని.

గోరింట: ప్రతీయతే.

పాతబడి మాస్టారు: అంటించండి. కింద నా పేరు మాత్రం వెయ్యకండి.