లైన్ ఉన్న పిల్లలకు గడ్డ కట్టకముందే రక్తం పలచన చేసే సూది ఇప్పించాలా?

లాస్య_అమ్మ: పాపకు రెండేళ్లు. పేగు మెలిపడితే చాలా భాగం తీసేశారు. ఛాతీలో పెట్టిన లైన్ (రక్తనాళంలోకి వెళ్లే ట్యూబు) ద్వారానే పోషణ ఎక్కుతోంది. ఇంతవరకు గడ్డ లేదు. ముందుజాగ్రత్తగా ఎనాక్సాపారిన్ (రక్తం పలచన చేసే హెపారిన్ రకం సూది) మొదలుపెడదామంటే డాక్టర్ గారు ఇప్పుడే వద్దంటున్నారు. మీరైతే ఏం చేస్తారు?

డల్లాస్_సుధ: పట్టుబట్టి ఇప్పించండి. మా వాడికీ ‘ఇప్పుడే వద్దు’ అన్నారు. ఓ రోజు పొద్దున చొక్కా మెడ గుండీ పట్టలేదు. ముఖం ఉబ్బింది, ఛాతీ మీద నీలం నరాలు తేలాయి. స్కాన్ చేస్తే మెడలో రెండు వైపులా నరాలు మూసుకుపోయాయి.

ఓరుగల్లు_నాన్న: రోజూ హెపారిన్ ఫ్లష్ చేస్తారుగా (ఆ మందుతో లైన్ కడగడం), మళ్లీ సూది దేనికి?

డల్లాస్_సుధ: ఫ్లష్ ట్యూబు లోపలి దారి కోసం. నేనంటున్నది ట్యూబు బయట, నరంలో కట్టే గడ్డ గురించి.

ఓరుగల్లు_నాన్న: ఎక్కడైనా హెపారిన్ హెపారినే కదండీ. మా బాబుకు ఆ సూది ఇచ్చారు. లివర్ దెబ్బతిని, రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు తక్కువున్నాయి. ముక్కులోంచి రక్తం ఆగక రాత్రంతా ఎమర్జెన్సీలో కూర్చున్నాం.

కిరణ్77: రక్తం పలచన చేసే వార్ఫరిన్ మాత్ర వేస్తే పోలా?

వార్డు_సిస్టర్: లైన్‌లో ఎక్కించే కొవ్వు ద్రావణంలోని సోయా నూనెలోనే వార్ఫరిన్‌కు విరుగుడైన విటమిన్ కె ఉంటుంది, ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత పలచనైందో చెప్పే లెక్క) ఒకచోట నిలవదు. అసలు సంగతికొస్తే, సూదితో గడ్డలు తగ్గొచ్చు గానీ అందరికీ ఇమ్మనేంత ఆధారం లేదని యూరప్ పిల్లల వైద్యుల 2018 మార్గదర్శకాలే చెప్తున్నాయి. ముందు లైన్ కొన ఎక్కడుందో అడగండమ్మా. గుండె పై గది మొదట్లో ఉండాలి, పైనే ఆగిపోతే గడ్డకు అవకాశం ఎక్కువ.

ఓరుగల్లు_నాన్న: చూశారా, ఆధారం లేదట!

డల్లాస్_సుధ: ‘తగ్గొచ్చు’ అన్న ముక్క కనబడలేదా? ముక్కు కారిన రక్తం ఆగుతుంది. పోయిన నరం తిరిగి రాదు.

ఓరుగల్లు_నాన్న: ఆగుతుందా? ఆ రాత్రి మీరున్నారా అక్కడ? ఊరికే భయపెట్టకండి. మా వాడు ఇడ్లీ తింటున్నాడు, ఈ ఏడాదిలో లైన్ తీసేస్తారు.

డల్లాస్_సుధ: అదీ సంగతి! మీకు లైన్ ఇంకొన్ని నెలలు. మా వాడికి ఎన్నాళ్లో తెలీదు. పేగు మార్పిడి దాకా వెళ్లినా, ఆపరేషన్‌కీ నరాలు కావాలి. మీ లెక్క వేరు, నా లెక్క వేరు.

ఓరుగల్లు_నాన్న: మరి ఆ మాట మొదట్లోనే చెప్పాల్సింది.

లాస్య_అమ్మ: మా పాపకు ఎన్నాళ్లు పడుతుందో నేను ఇంతవరకు అడగనేలేదు. రేపు ఎక్స్‌రే పట్టుకెళ్లి కొన గురించి, ఈ సంగతి రెండూ అడుగుతాను.

ఓరుగల్లు_నాన్న: ప్లేట్‌లెట్ల రిపోర్టు కూడా పట్టుకెళ్లండి.

డల్లాస్_సుధ: ఆ వంకతోనే మళ్లీ వాయిదా వేస్తారు, చూడండి.