మైనారిటీల కొరకా, మైనారిటీల గురించా? ఒక పదవి పేరుతో తంటా

మాక్స్ వాన్ డెర్ స్టూల్ అని నెదర్లాండ్స్‌కి రెండుసార్లు విదేశాంగ మంత్రిగా చేసినాయన, 2011లో పోయారు, ఆయన మీద చిన్న వ్యాసం రాస్తున్నానండి. 1993 నుంచి 2001 దాకా ఆయన చేసిన ఉద్యోగం పేరు దగ్గర పెన్ను ఆగిపోయింది. ఇప్పుడు ఓఎస్‌సీఈ అంటున్నారే, యూరప్ భద్రతా సంస్థ, అందులో నేషనల్ మైనారిటీస్ హైకమిషనర్ అన్నమాట, ఆ కుర్చీలో మొట్టమొదట కూర్చున్నది ఈయనే. "జాతీయ మైనారిటీల హైకమిషనర్" అని రాసేసి ఊరుకోవచ్చు గానీ ఇంగ్లీషులో మైనారిటీస్ ముందు "ఫర్" లేదు, "ఆన్" ఉంది, అదీ కావాలని పెట్టిందే. మన "ల" ఆ తేడాని మింగేస్తోంది. ఏం చేద్దాం?

—

షష్ఠితో వచ్చిన చిక్కే అది మాస్టారూ. కొఱకున్, కై అంటే చతుర్థి, కూర్చి, గురించి అంటే ద్వితీయ, చిన్నప్పుడు బట్టీ పట్టాం కదా. ఈయనది పక్కా ద్వితీయ. మైనారిటీల తరఫు వకీలు కాదు, ఒక్క మనిషికి అన్యాయం జరిగిందని అర్జీ పెట్టుకుంటే తీసుకునే అధికారం కూడా లేదు, గొడవ ముదరకముందే ఆపడమే పని. "కొరకు" అని పెట్టుంటే సగం దేశాలు ఒప్పుకునేవే కావేమో, నా అనుమానం.

—

రాయబారి అనొచ్చుగా, హాయిగా ఉంటుంది.

—

అనకూడదన్నా. కృష్ణుడు ఐదూళ్ళైనా ఇమ్మని అడగడానికి వెళ్ళింది పాండవుల పక్షాన. ఈయన్ని ఏ పక్షమూ పంపలేదు. 1993లో ఎస్టోనియా చూడండి, సోవియట్ కాలంలో వచ్చి స్థిరపడిన రష్యన్లకి పౌరసత్వం లేదు, పైగా విదేశీయుల చట్టమని ఒకటి తెచ్చారు, దాంతో దాదాపు అంతా రష్యన్ మాట్లాడే నార్వా, పక్కనే సిల్లామాయె, రెండూ మాకు స్వయంప్రతిపత్తి కావాలని జూలైలో ఓటింగ్ పెట్టుకున్నాయి. ఈయన రాజధాని టాలిన్‌కీ నార్వాకీ తిరిగి, ఓటింగ్‌ని బలవంతంగా ఆపబోమని ప్రభుత్వం చేత, సుప్రీంకోర్టు ఏం చెప్పినా కట్టుబడతామని ఊళ్ళవాళ్ళ చేత అనిపించాడు. ఆగస్టులో కోర్టు చెల్లదంది, అక్కడితో సద్దుమణిగింది. చట్టంలో మార్పులు కూడా అంతకుముందే చేశారు, అధ్యక్షుడు మేరి సంతకం పెట్టకుండా వెనక్కి పంపాడు కాబట్టి.

—

ఇంకో గుంట ఉంది, ఎవరూ చూసినట్టు లేరు. "జాతీయ". మన ఢిల్లీలో జాతీయ మైనారిటీ కమిషన్ ఉంది, అక్కడ జాతీయ అన్నది కమిషన్‌కి విశేషణం, మైనారిటీలంటే ముస్లింలు, క్రైస్తవులు, సిక్కులు ఇలా మతం లెక్క. ఈయన పదవిలోనేమో జాతీయ అన్నది మైనారిటీకే అంటుకుంది, జాతి, భాష లెక్క. తెలుగువాడు చదివితే దేశం మొత్తానికి మైనారిటీ అనుకుంటాడు. "జాతి మైనారిటీలు" అంటే కొంత నయం. అసలు మైనారిటీ అంటే ఎవరని ఆ పదవి పత్రంలో నిర్వచనమే లేదు, చూస్తే నాకు తెలుస్తుందిలే అన్నట్టు మాట్లాడేవాడట ఆయన. నాకైతే అది తెలివైన తప్పించుకోలు అనిపిస్తుంది.

మన రాజ్యాంగంలో 350బి, 1956లో చేర్చింది, భాషా మైనారిటీలకి ప్రత్యేకాధికారి, అక్కడ ఇంగ్లీషులో ఉన్నది ఫర్! ఒడిశా, తమిళనాడు తెలుగువాళ్ళు మొరపెట్టుకోవాల్సింది ఆ చతుర్థి ఆఫీసుకే, వింటుందా లేదా అన్నది వేరే చర్చ.

—

ద్వితీయ మనిషి అని ముద్ర వేసెయ్యకండి అక్కా. అరవైల చివర్లో గ్రీసు సైనిక పాలన మీద యూరప్ కౌన్సిల్‌కి రిపోర్టులు రాసింది ఈయనే, 1969లో గ్రీసు ఆ కౌన్సిల్ నుంచి వెళ్ళిపోయింది. 1977లో మంత్రిగా ప్రాగ్ వెళ్ళి, చెకోస్లొవాకియాలో పౌరహక్కుల కోసం పుట్టిన చార్టర్ 77 ఉద్యమ ప్రతినిధి యాన్ పాతోచ్కాని కలిశాడు, పాపం ఆ ప్రొఫెసర్ పోలీసు విచారణల తర్వాత అదే నెలలో పోయాడు. ఇంకా విచిత్రం, 1991 నుంచి 1999 దాకా ఐక్యరాజ్యసమితి తరఫున ఇరాక్ మానవ హక్కుల మీద సద్దాంని బాహాటంగా ఉతికేస్తూనే ఇటు హేగ్‌లోని హైకమిషనర్ ఆఫీసులో కూర్చుని ప్రభుత్వాలకి గుట్టుగా ఉత్తరాలు రాసేవాడు. ఒకే మనిషి, అవే ఏళ్ళు, రెండు విభక్తులు.

—

"మైనారిటీ వ్యవహారాల" అంటే?

—

మన కేంద్ర మంత్రిత్వ శాఖ అనుకుంటారు. "జాతి మైనారిటీల విషయమై హైకమిషనర్" అని పెట్టేశానండి ప్రస్తుతానికి, ప్రభుత్వ జీవోలా ఉందని నాకూ తెలుసు, ఇంతకంటే మంచిది తడితే చెప్పండి మార్చేస్తా.