ప్లాస్టిక్ విమానం మీద చెక్క గీతలు: ఆయిల్ రంగు ఆరడం లేదు

ప్రశ్న (సిరోంచ): 1/48 కొలతలో ఆల్బట్రోస్ డి.5 (మొదటి ప్రపంచయుద్ధపు జర్మన్ విమానం) బొమ్మ కడుతున్నా. అసలు దాని ఒళ్ళు (రెక్కలు కాక నడిమి భాగం) ప్లైవుడ్ కదా, చెక్కలా కనబడాలని లేత గోధుమ అక్రిలిక్ మీద బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ) ఆయిల్ రంగు పూశా. నాలుగు రోజులైనా వేలికి అంటుతోంది. బ్రష్ లాగితే గీతలు పడకుండా మొత్తం తుడిచేసినట్టు వచ్చేస్తోంది.

జవాబు: రెండింటికీ మూలం ఒకటే, నూనె ఎక్కువ. శనగగింజంత రంగు అట్టముక్క మీద పెట్టి రెండు గంటలు వదిలేయండి. చుట్టూ జిడ్డు మరక పాకితే నూనె దిగినట్టే. థిన్నర్ కలపొద్దు. చుక్కలుగా పెట్టి పలచగా పరిచాక, గట్టి కుచ్చున్న పొడి బ్రష్‌ను ఒకే ఊపులో లాగండి. మధ్యలో ఆగితే అక్కడ గీత విరుగుతుంది. ప్రతి లాగుడుకీ బ్రష్ గుడ్డకు తుడవాలి. అడుగు రంగు బాగా మెరిస్తే ఆయిల్ జారిపోతుంది, శాటిన్ (సగం మెరుపు) చాలు.

ఇంకో జవాబు: అన్న చెప్పింది సరే, గీతల మందం కూడా చూస్కోండి. ఆళ్ళపల్లి టేకు పలక ఎదురుగా పెట్టుకొని అలాగే గీస్తే బొమ్మ పాడవుతుంది. 1/48లో 1 మి.మీ. గీతంటే అసలు విమానం మీద 48 మి.మీ. పట్టీ! పక్కపక్క ప్యానెళ్ళకు టేపు వేసి, ఒకటి విడిచి ఒకటి చేయండి, రంగు కాస్త మార్చి.

ప్రశ్న అడిగినవారు: మరి పూసింది?

జవాబు: వైట్ స్పిరిట్ తడిపిన గుడ్డతో తుడిచేయండి, ఆరిన అక్రిలిక్‌కు ఏం కాదు. లాకర్ థిన్నర్ మాత్రం తాకించొద్దు, అడుగు రంగు కూడా లేస్తుంది. వానాకాలంలో మ్యాట్ వార్నిష్ స్ప్రే కొట్టకండి, తెల్లగా పాలిపోతుంది.