సమస్య (పద్యం ఈ చివరి పాదంతో ముగిసేలా పూరించాలి): "బిడ్డ పుట్టకుండ పేరు పెట్టె"

ఛందస్సు ఆటవెలది. ఆలు లేదు చూలు లేదు సామెత వైపు అందరూ పరిగెడతారని తెలుసు కాబట్టి షరతు ఒకటే: పూరణ రసాయనశాస్త్రంలోంచి రావాలి.

కెమిస్ట్రీ మాస్టారు:

మూలకముల నిలిపె మొదటి పట్టికలోన
ఖాళి గళ్ళ నుంచి కరము తెగువ
ఏక సిలికనంచు నెవ్వరెఱుగనట్టి
బిడ్డ పుట్టకుండ పేరు పెట్టె

రష్యన్ రసాయనశాస్త్రవేత్త మెండలీవ్ 1869లో 63 మూలకాలను పరమాణుభారాల వరుసలో పేర్చి పట్టిక వేసి, గుణాలు కుదరని చోట గడి ఖాళీగా వదిలేశాడు. సిలికాన్ కింది గడికి, సిలికాన్ పేరుకే మన సంస్కృతం "ఏక" తగిలించి "ఏక సిలికాన్" అని పేరుపెట్టి, పరమాణుభారం 72 ఉంటుందన్నాడు. 1886లో జర్మన్ రసాయనశాస్త్రవేత్త వింక్లర్‌కు దొరికిన జెర్మేనియం ఇంచుమించు అంతే తూగింది.

సమస్య ఇచ్చినవారు: ఎత్తుగడ బాగుంది మాస్టారూ, కానీ "గళ్ళను ఉంచి" అని మీరనుకున్నది చదివేవాడికి "గళ్ళలోంచి" అని వినబడుతోంది, పైగా "కరము" (మిక్కిలి) పాదం నింపడానికే వచ్చింది. "ఖాళి గడులు వదలి కాచియుండె" అంటే రెండూ పోతాయి. ఇంకోటి, "మొదటి" యతి కోసం పడిందని తెలుస్తూనే ఉంది, ఫ్రెంచి భూగర్భశాస్త్రవేత్త షాంకూర్త్వా 1862లోనే మూలకాలను సర్పిలంగా పేర్చాడు కదండీ!

మాస్టారు: దొరికిపోయాను. సవరణ శిరోధార్యం.

ఫార్మసీ అమ్మాయి:

గాలియమును తూచి కనుగొన్న వానికే
తప్పు తూచినావు తరచి చూడు
అనెను రష్యనుండి యాతడె గద మున్ను
బిడ్డ పుట్టకుండ పేరు పెట్టె

సమస్య ఇచ్చినవారు: భలే అమ్మా! 1875లో గాలియం కనుగొన్న ఫ్రెంచి రసాయనశాస్త్రవేత్త బ్వాబోద్రాన్ దాని సాంద్రత 4.7 అంటే, లోహాన్ని ఎన్నడూ చూడని మెండలీవ్ 5.9 ఉండాలన్నాడు, శుద్ధిచేసి మళ్ళీ కొలిస్తే 5.9 వచ్చింది. ఇంత కథ మూడు పాదాల్లో ఇమిడింది. "రష్యా"ను కుదించడం ఒక్కటే కాస్త నలిగింది, వదిలేద్దాం.

కొత్త సభ్యుడు: నాకు మొదటి పాదమే వచ్చిందండి, టెన్షన్‌గా పెడుతున్నా: "అయొడిను కంటె బరువైన టెల్లూరియం"...

సమస్య ఇచ్చినవారు: బాబూ, "నుకంటె" దగ్గర జగణం (లఘువు, గురువు, లఘువు) పడింది, అక్కడ సూర్యగణమే (మూడు లఘువులు, లేదా గురువు, లఘువు) రావాలి. అసలు ఇబ్బంది అది కాదు, ఆ రెండూ అప్పటికే పుట్టిన బిడ్డలు, ఈ సమస్యకు అతకవు. విషయం మాత్రం పసందైనది: పరమాణుభారం టెల్లూరియంది 127.6, అయొడిన్‌ది 126.9, భారం వరుస ప్రకారం అయొడినే ముందు రావాలి, అయినా మెండలీవ్ గుణాలు చూసి టెల్లూరియాన్నే ముందు కూర్చోబెట్టాడు, కారణం 1913లో ఇంగ్లీషు భౌతికశాస్త్రవేత్త మోస్లే పరమాణు సంఖ్యతో గానీ తేలలేదు. అందుకే వచ్చే వారం సమస్య నీ పుణ్యమే, రాసుకో: "బరువు గలది ముందు వరుస నిలిచె".