యాడ్ నచ్చకపోతే సరుకు కొనడం నిజంగా మానేస్తామా?

గోదారి గాలి:
మొన్న మా ఇంట్లో ఇదే గొడవ. 2020 అక్టోబరులో వచ్చిన తనిష్క్ 'ఏకత్వం' యాడ్ గుర్తుందా? ముస్లిం అత్తగారింట్లో హిందూ కోడలికి సీమంతం. 'లవ్ జిహాద్' అంటూ ట్విట్టర్‌లో బాయ్‌కాట్ మొదలవగానే తీసేశారు. జనం బుద్ధి చెప్పారంటాడు మా తమ్ముడు. నగలమ్మేవాళ్లకి ఈ నీతులెందుకని నాకూ అనిపిస్తుంది గానీ, పెట్టాక తీసేయడం ఇంకా పిరికితనం. మీరేమంటారు?

కొట్టు బాబాయ్:
జనం బుద్ధి చెప్పడానికి టైమెక్కడిచ్చారు? మనోభావాలతో పాటు సిబ్బంది, షాపులవాళ్ల క్షేమం కోసం తీసేస్తున్నామని కంపెనీయే చెప్పింది. గుజరాత్‌లోని గాంధీధామ్ షోరూమ్ తలుపుకి క్షమాపణ కాగితం అంటించారు. నన్నడిగితే అది అమ్మకాలు తగ్గుతాయన్న భయం కాదు, అద్దాలు పగుల్తాయన్న భయం.

2019లో సర్ఫ్ ఎక్సెల్ హోలీ యాడ్ మీదా ఇంతే గోల. నమాజుకి వెళ్లే పిల్లాడి తెల్లబట్టల మీద రంగు పడకూడదని ఓ పాప ముందే రంగులన్నీ తనమీద పోయించుకుంటుంది. హిందుస్తాన్ యూనిలీవర్ మాత్రం తీయలేదు. కోపంలో కొందరు వెళ్లి మైక్రోసాఫ్ట్ ఎక్సెల్ యాప్‌కి ఒక్క స్టార్ ఇచ్చొచ్చారు :) మా కొట్లో 'సర్ఫ్ వద్దు' అన్నవాళ్లు ఒక్కరూ లేరు.

డల్లాస్ నుంచి:
బాబాయ్, మీ కొట్టు లెక్క ఇక్కడ తప్పింది. 2023 ఏప్రిల్‌లో ట్రాన్స్‌జెండర్ ఇన్‌ఫ్లుయెన్సర్ డిలన్ మల్వేనీతో బడ్ లైట్ చిన్న ప్రమోషన్ చేసింది. ఏళ్ల తరబడి అమెరికాలో నంబర్ వన్‌గా ఉన్న బీరు, మే అమ్మకాల్లో మోడెలో అనే ఇంకో బీరు కంటే వెనకబడిపోయింది.

కొట్టు బాబాయ్:
బీరు నలుగురిలో చేత్తో పట్టుకుని తాగేది. సర్ఫ్ ప్యాకెట్ బాత్రూమ్‌లో ఉంటుంది, ఎవరు చూడొచ్చారు?

డల్లాస్ నుంచి:
ఇది ఒప్పుకుంటా. ఆ వేసవిలో మా ఆఫీసువాళ్ల పార్టీల్లో ఆ సీసా పట్టుకుంటే చాలు, ఏదో ఒక జోకు పడేది. పైగా గొడవయ్యాక కంపెనీ తనను పలకరించనైనా లేదని మల్వేనీయే చెప్పింది. దాంతో అటువాళ్లకీ కోపమే, ఇటువాళ్లకీ కోపమే.

గోదారి గాలి:
మరి నగలు కూడా నలుగురికీ కనిపించేవే కదా బాబాయ్?

కొట్టు బాబాయ్:
కనిపిస్తాయి. ఏ షాపువో నెక్లెస్ మీద రాసుండదుగా!

గోదారి గాలి:
హహ. ఇదంతా మా తమ్ముడికి చదివి వినిపించా. మరదలి కొత్త గాజులు ఏ షాపువిరా అంటే మాట మార్చేశాడు.